పాత కమ్యూనిటీ హాలుని దవాఖానాగా మార్చాలంటే: కూల్చాలా, బాగుచేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వేరేవాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు సంగతేంటో చెప్తాను. హైదరాబాద్‌లో ఒక బస్తీ, అందులో 1990ల్లో కట్టిన కమ్యూనిటీ హాలు. కింద ఒక పెద్ద హాలు, పైన రెండు గదులు, మెట్లు బయటినుంచి. వానొస్తే స్లాబు కారుతోంది, లోపల పెచ్చులు ఊడుతున్నాయి. కింద బస్తీ దవాఖానా, పైన పెద్దవాళ్ళు పగటిపూట కూర్చునే కేంద్రం, ఆ పక్కన ఆడవాళ్ళకి కౌన్సెలింగ్ గది పెడదామని అధికారులు అంటున్నారు. కాంట్రాక్టరేమో ఇది పనికిరాదు, కూల్చి కట్టుకుందాం అంటున్నాడు. మీ మహిళా సంఘం ఏం అడగాలో, దేనికి ఒప్పుకోవాలో చెప్పమన్నారు.

నేను సివిల్ ఇంజనీర్ని. పాత స్కూళ్ళు, వార్డు ఆఫీసులు, హాళ్ళు, ఇలాంటివాటిని దవాఖానాలుగా, షెల్టర్లుగా మార్చే పనుల్లోనే చాలా ఏళ్ళు గడిపాను. కూల్చడానికి తొందరపడకండి. కానీ కింద ఏది, పైన ఏది అన్న ప్లాను మాత్రం మార్పించండి. టైల్స్‌కీ ముందు వైపు అద్దాలకీ పెట్టే డబ్బు స్లాబుకి, డ్రైనేజీకి, గాలీ వెలుతురుకి పెట్టించండి. హాలు పూర్తిగా మీ చేతిలోంచి జారిపోకుండా కాగితం మీద రాయించుకోండి. ఇవన్నీ ఎందుకో వివరంగా చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు హాలు సంగతి, ఎందుకంటే ఇంజనీర్లెవరూ దీన్ని ప్లానులో గీయరు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలైనప్పటి నుంచి వాటిలో చాలా భాగం కమ్యూనిటీ హాళ్ళలోనో, కార్పొరేషన్‌కి అప్పటికే ఉన్న బిల్డింగుల్లోనో పెట్టారు. అది మంచి ఆలోచనే. స్థలం కొనక్కర్లేదు, రెండు మూడు నెలల్లో తలుపు తెరవొచ్చు, ఒక్కోటి 5 నుంచి 10 వేల మందికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. కానీ ఆ హాలు అప్పటిదాకా ఖాళీగా లేదు కదా! ఫంక్షన్ హాలు కిరాయి కట్టలేని ఇంట్లో సీమంతం అక్కడే, పిల్ల పెళ్ళి భోజనాలు అక్కడే, ఎవరైనా పోతే పదో రోజు కార్యం భోజనాలు కూడా అక్కడే. బోనాలప్పుడు, గణేశ్ నవరాత్రులప్పుడు సామానంతా అందులోనే పెడతారు. దవాఖానా వచ్చాక ఇవన్నీ రోడ్డు మీదికి వస్తాయి. అప్పుడు దవాఖానా అందరిదీ అనుకోవాల్సింది పోయి, ‘మా హాలు లాక్కున్నారు’ అన్న మాట మొదలవుతుంది. ఆ మాట మొదలైన చోట రాత్రిళ్ళు కిటికీ అద్దాలు పగలడం, పంపులు పోవడం నేను చాలా చూశాను.

కాబట్టి అధికారులతో మొదటి మీటింగులోనే ఇది ఎత్తండి. దవాఖానా మామూలుగా పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా ఉంటుంది. ఆ తర్వాత పై అంతస్తు, ముందున్న ఖాళీ జాగా, ఒక కుళాయి, ఒక లెట్రిన్ బస్తీ వాడుకోవడానికి ఉండాలి. బయటినుంచి మెట్లున్నాయన్నారు, అది మీ అదృష్టం. కింద తాళం వేసినా పైకి వెళ్ళొచ్చు. వంటకి ఒక మూల, గచ్చు చేసి రేకుల నీడ వేసి ఇవ్వమనండి, పెద్ద ఖర్చు కాదు. తాళం ఎవరి దగ్గర, కరెంటు మీటరు ఎవరి పేరు మీద, ఫంక్షన్ తర్వాత ఎవరు కడుగుతారు, ఇవన్నీ బస్తీ సభలో చదివి తీర్మానం రాయించి, ఒక కాపీ వార్డు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇంకోటి: ఇలాంటి హాళ్ళు ఎంపీ, ఎమ్మెల్యే నిధులతో ఎప్పుడో కట్టినవి, కాగితాలు సరిగా ఉండవు. మీటరు చనిపోయిన పాత అధ్యక్షుడి పేరు మీద ఉంటుంది, దాని మీద బకాయి ఉంటుంది. పని మొదలయ్యాక బయటపడితే అంతా ఆగిపోతుంది, అందుకని ముందే తవ్వి తీయండి.

ఇప్పుడు కూల్చడం గురించి. కూల్చి కడితే కొత్త బిల్డింగ్ వస్తుందని కాంట్రాక్టర్ చెప్పింది నిజమే, కానీ ఎంత వస్తుందో చెప్పలేదు. పాత హాలు చుట్టూ పెద్దగా జాగా వదలకుండా కట్టి ఉంటుంది. కొత్తగా కట్టాలంటే 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం రోడ్డు వెడల్పుని బట్టి, ప్లాటు సైజుని బట్టి చుట్టూ జాగా వదలాలి. ఇరుకు సందులో చిన్న ప్లాటైతే వదిలింది పోగా మిగిలేది ఇప్పుడున్న హాలు కంటే చిన్నదవుతుంది. మధ్యలో బిల్లులు ఆగితే పునాదుల దగ్గరే ఏళ్ళు గడుస్తాయి, అప్పుడు హాలూ ఉండదు, దవాఖానా ఉండదు. పనికొచ్చే బిల్డింగ్‌ని కూల్చకూడదనడానికి నాకు ఇదే అన్నిటికంటే పెద్ద కారణం.

పనికొస్తుందో లేదో కళ్ళతో చూసి ఎవరూ చెప్పలేరు, కాంట్రాక్టరూ చెప్పలేడు, ఫొటోలు చూసి నేనూ చెప్పలేను. టెస్టు చేయించాలి. కార్పొరేషన్ ద్వారా జేఎన్‌టీయూ లేదా ఉస్మానియా యూనివర్సిటీ సివిల్ డిపార్ట్‌మెంట్‌కి రాయిస్తే వాళ్ళు వచ్చి చూస్తారు. రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీటు పైపొర గట్టిదనం, అల్ట్రాసోనిక్ పల్స్ టెస్టుతో లోపల డొల్లలు, పగుళ్ళు తెలుస్తాయి. అనుమానం ఉన్నచోట చిన్న కోరు, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క, తీసి నలిపి చూస్తారు. ఒక్క హ్యామర్ టెస్టుతో రిపోర్టు ఇస్తానంటే ఒప్పుకోకండి, అది పైపొర సంగతే చెప్తుంది. రిపోర్టు వచ్చేలోపు మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పగులు మెట్లు మెట్లుగా, ఏటవాలుగా ఇటుకల మధ్య పోతోందా? అయితే పునాది ఒకపక్క దిగుతోందేమో చూడాలి. పిల్లరూ బీమూ కలిసేచోట పగుళ్ళున్నాయా? ఆ పగులు మీద తేదీ రాసి చిన్న అద్దం ముక్క సిమెంటుతో అతికించండి. కొన్ని వారాల తర్వాత అద్దం పగిలిందంటే బిల్డింగ్ ఇంకా కదులుతోందని అర్థం. అలాంటప్పుడు కూల్చమన్నవాళ్ళ మాట వినాల్సిందే.

అసలు అది పిల్లర్ల మీద నిలబడిందా, గోడల మీద నిలబడిందా అన్నది కూడా తేల్చుకోండి. ఆ కాలం హాళ్ళు చాలా వరకు 9 అంగుళాల గోడల మీదే స్లాబు వేసినవి. అలాంటి దాంట్లో డాక్టర్ గదికి తలుపు కావాలని గోడ పగలగొట్టారంటే స్లాబుకి ఆధారం తీసేసినట్టే. సపోర్టులు పెట్టి, పైన బీమో ఇనుప గర్డరో వేసి, అప్పుడే గోడ తీయాలి. మేస్త్రీలు ‘చిన్న తలుపే కదా సార్’ అంటారు. ఒప్పుకోకండి.

పెచ్చుల విషయం కొంచెం లోతుగా చెప్తాను, డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. స్లాబు లోపల ఇనుప చువ్వలుంటాయి, వాటి కింద కాంక్రీటు పొర అర అంగుళం పైచిలుకు ఉంటుంది. పైనుంచి నీళ్ళు దిగి దిగి చువ్వకి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కింది పొర పగిలి పెచ్చులుగా రాలుతుంది. అంటే మీకు కనబడే పెచ్చు చివరి ఫలితం, జబ్బు మూలం పైన టెర్రస్ మీద ఉంది. నేనైతే ముందు టెర్రస్ ఎక్కుతాను. వాన నీళ్ళు పోయే తూము ఆకులతో, ప్లాస్టిక్ కవర్లతో మూసుకుపోయి ఉంటుంది, మూలన నాచు పట్టి ఉంటుంది, ట్యాంకు కింద ఎప్పుడూ తడి ఉంటుంది, ఎవరో జెండా కర్ర పాతడానికి పిట్టగోడ దగ్గర బెజ్జం కొట్టి ఉంటారు. కింద పెచ్చులూడిన చోటు సరిగ్గా దీని కిందే ఉంటుంది. తర్వాత కిందికొచ్చి సుత్తి వెనక వైపుతో స్లాబుని తట్టుకుంటూ వెళ్తే గట్టిగా ఉన్నచోట ‘ఖణేల్’మంటుంది, పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ డొల్ల ఉన్నంత మేరా సుద్దముక్కతో గీత గీయండి. పని అయ్యాక ఆ గీతలోపలి మొత్తం తీసి బాగుచేశారా లేదా అని అడగడానికి మీ దగ్గర ఫొటో ఉంటుంది. తట్టేటప్పుడు తల మీద హెల్మెట్, కళ్ళకి అద్దాలు ఉండాలి, నిలబడే చోటు డొల్ల కింద ఉండకూడదు.

బాగుచేయడం అంటే కింద మళ్ళీ సిమెంటు మెత్తడం అని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే ఒకటి రెండు వానాకాలాల్లో మళ్ళీ రాలుతుంది, ఈసారి కింద కూర్చున్న పేషెంటు మీద. ముందు పైన నీళ్ళు ఆపాలి. తర్వాత కింద సపోర్టులు పెట్టి, వదులైన కాంక్రీటంతా చువ్వ వెనక వరకూ చెక్కి, వైర్ బ్రష్‌తో తుప్పు పూర్తిగా దులపాలి. చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ కట్టాలి, తుప్పు నిరోధించే ప్రైమర్ పూయాలి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పొరలు పొరలుగా నింపాలి. లోతు ఎక్కువైతే ఫారం (పోత నిలిపే అచ్చు) కట్టి మైక్రో కాంక్రీట్ (సన్న కంకరతో జారుగా ఉండే కాంక్రీటు) పోయాలి. ఈ వరస మారకూడదు. ఎస్టిమేట్‌లో ఇవి విడివిడి ఐటెమ్స్‌గా ఉన్నాయో లేదో చూడండి, ‘స్లాబ్ రిపేర్’ అని ఒకే లైను ఉంటే అది మెత్తుడు పనే అనుకోవచ్చు.

పని దసరా తర్వాత మొదలుపెట్టించండి. టెర్రస్ మృగశిర కార్తె లోపు పూర్తవ్వాలి. పూర్తయ్యాక తూములు మూసి టెర్రస్ మీద అంగుళమో రెండంగుళాలో నీళ్ళు నిలబెట్టి రెండు మూడు రోజులు కింద చెమ్మ వస్తుందేమో చూసి, అప్పుడే బిల్లుకి సంతకం పెట్టమనండి.

ఇక కింద ఏది, పైన ఏది. పెద్దవాళ్ళ కేంద్రం పై అంతస్తులో, లిఫ్టు లేకుండా! మోకాళ్ళ నొప్పులున్న 70 ఏళ్ళ అవ్వ బయటి మెట్లెక్కి పైకి వెళ్ళదు. మొదటి నెల వెళ్తుందేమో, తర్వాత మానేస్తుంది, ‘ఎవరూ రావడం లేదు’ అని రాసి కేంద్రం ఎత్తేస్తారు. పెద్దవాళ్ళు కిందే ఉండాలి, దవాఖానా పక్కనే. వాళ్ళలో సగం మందికి బీపీ, షుగర్ ఉండనే ఉంటాయి, కూర్చున్న చోటే నర్సు వచ్చి చూస్తుంది, మందులు అక్కడే ముడతాయి. కింది హాలు పెద్దదన్నారు కాబట్టి మూడో వంతు వాళ్ళకి ఇవ్వొచ్చు. బస్తీ దవాఖానాకి పెద్ద జాగా అక్కర్లేదు. ల్యాబు పెట్టక్కర్లేదు కూడా, శాంపిల్ అక్కడ తీసి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ సెంట్రల్ ల్యాబుకి పంపుతారు. కాబట్టి శాంపిల్ తీయడానికి చిన్న కౌంటర్ చాలు.

కౌన్సెలింగ్ గది పైన పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు, దీని గురించి మీ సంఘం గట్టిగా మాట్లాడాలి. మొగుడు కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చే మనిషి, వీధిలో అందరూ చూస్తుండగా బయటి మెట్లెక్కి ‘మహిళా కౌన్సెలింగ్’ అని బోర్డున్న గదిలోకి ఎలా వెళ్తుంది? పావుగంటలో ఇంటికి కబురు చేరిపోతుంది. అదే కింద, దవాఖానా తలుపులోంచే లోపలికెళ్ళి, డాక్టర్ గది దాటాక లోపల ఒక మామూలు తలుపు ఉంటే ఆమె జ్వరం బిళ్ళ కోసం వచ్చిందో, ఇంకెందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. గదికి పేరు పెట్టకండి, నంబరు పెట్టండి. 2016లో హాకా భవన్‌లో హైదరాబాద్ పోలీసులు భరోసా కేంద్రం పెట్టినప్పుడు ఇలాంటి ఆలోచనే చేశారు. అది కూడా కొత్తగా కట్టింది కాదు, ఉన్న ఆఫీసు బిల్డింగ్‌ని మార్చిందే. బాధితురాలు పోలీసుకి ఒకచోట, డాక్టర్‌కి ఒకచోట, వకీలుకి ఒకచోట తిరక్కుండా అన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. మీది చిన్న బస్తీ కేంద్రం, అంత అక్కర్లేదు, కానీ ఒకే తలుపు అన్న సూత్రం మాత్రం పట్టుకోండి.

ఆ గదికీ డాక్టర్ గదికీ గోడ స్లాబు దాకా వెళ్ళాలి. ఏడడుగుల ప్లైవుడ్ పార్టిషన్ పెట్టి పైన వదిలేయడం అన్నిచోట్లా చేస్తున్నారు, చౌక అని, గాలి ఆడుతుందని. అవతల బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి లోపలి ప్రతి మాటా వినబడుతుంది. తెల్లబట్ట అవుతోందని, గర్భం వద్దనుకుంటున్నానని, టీబీ అని చెప్పారని, ఇవి పక్కింటావిడ వినేలా ఎవరు చెప్పుకుంటారు? చెప్పకుండా వెళ్ళిపోతారు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టి రెండువైపులా ప్లాస్టర్ చేయిస్తే చాలు. కానీ ఆ గోడ ఎక్కడ పడుతుందో ఇంజనీర్ని చూడమనండి, కింది ఫ్లోర్‌లో కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

పైన ఏం పెట్టాలంటే ఆశా వర్కర్ల మీటింగులు, మీ సంఘం మీటింగులు, ఆడపిల్లల క్లాసులు, సాయంత్రం బస్తీ ఫంక్షన్లు. మందుల స్టోర్ మాత్రం పైన పెట్టనివ్వకండి. చాలా మందుల అట్టల మీద 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని రాసి ఉంటుంది, మే నెలలో మన టెర్రస్ స్లాబు కింద గది ఎంత కాలిపోతుందో మీకు తెలుసు. పాత రికార్డుల ర్యాకులు కూడా వద్దు. ఇళ్ళ లాంటి గదులకి స్లాబు చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు, అదే ఆసుపత్రి వరండాలకి 400, సీట్లు బిగించని సభా హాళ్ళకి 500. మీ పై గదులు ఏ లెక్కతో కట్టారో కాగితం దొరకదు, కాబట్టి ఫంక్షన్లకి ఎంతమంది పైకి వెళ్ళొచ్చో ఆ టెస్టు రిపోర్టులోనే రాసివ్వమని అడగండి. గోడకి ఆనించి కాగితాల కట్టలు పేర్చితే అది మనుషుల కంటే ఎక్కువ బరువు, అదీ ఎప్పటికీ కదలని బరువు.

ర్యాంపు. ఇది వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం తప్పనిసరి, పాత ప్రభుత్వ భవనాలకి కూడా. అయినా సగం చోట్ల ర్యాంపు పేరుతో ఒక జారుడుబల్ల కనబడుతుంది. లెక్క చాలా సులువు: అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మీ హాలు గడప రోడ్డు నుంచి అడుగున్నర ఎత్తులో ఉంటే 18 అడుగులు కావాలి, మూడడుగులైతే 36, అప్పుడు మధ్యలో చదునుగా ఆగే చోటు కూడా ఉండాలి. వెడల్పు 4 అడుగులు, రెండుపక్కలా పట్టుకోవడానికి కడ్డీలు. ముందు అంత జాగా లేకపోతే పక్క గోడ వెంబడి తిప్పండి. తలుపులు 3 అడుగులు ఖాళీగా తెరుచుకోవాలి, ఫ్రేముతో కలిపి 3 అడుగులు కాదు. లెట్రిన్‌లో వీల్‌చైర్ తిరగడానికి 5 అడుగుల వలయం పట్టాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని నెట్టలేం. నేలకి మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వద్దు, తడి కాలు పెడితే జారతాయి. మన తాండూరు బండలు పాలిష్ లేకుండా వేస్తే పట్టు ఉంటుంది, ఏళ్ళ తరబడి మన్నుతాయి, ఇంకా చౌక.

గాలి గురించి. పాత హాళ్ళకి పైన వెంటిలేటర్లు ఉంటాయి, అవే ఆ బిల్డింగ్ ఇచ్చే పెద్ద వరం. ఏసీ పెట్టాలని వాటిని మూసేయించకండి. దగ్గు, టీబీ అనుమానం ఉన్నవాళ్ళు వచ్చే చోట గది గాలి గంటకి 12 సార్లు మారాలన్నది లెక్క. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గది అంటే 1,200 ఘనపుటడుగులు, గంటకి 14,400, నిమిషానికి 240. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే ఇంత సులువుగా వస్తుంది, లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ లెక్క చూసి కొనాలి. నిజంగా గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి అగరుబత్తి వెలిగించి తలుపు దగ్గర, డాక్టర్ కుర్చీ దగ్గర, పేషెంటు స్టూలు దగ్గర పట్టుకుని పొగ ఎటు వాలుతుందో చూడండి. పొగ పేషెంటు వైపు నుంచి డాక్టర్ ముఖం మీదికి వస్తుంటే టేబుల్ తిప్పేయండి: గాలి లోపలికొచ్చే వైపు డాక్టర్, బయటికి పోయే వైపు పేషెంటు. పైసా ఖర్చు లేని మార్పు ఇది. ఎదురుచూసేవాళ్ళు వీలైనంత వరకు బయటే, రేకుల వరండాలో కూర్చోవాలి. రేకు కింద వేడి తగలకుండా వెదురు తడక గానీ ఇన్సులేషన్ షీటు గానీ వేయించండి. పైన పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టనివ్వకండి, పొడిగా కోయనివ్వకండి. నీళ్ళు చల్లి, మాస్కులు పెట్టుకుని, ముక్కలు చేయకుండా పూర్తి రేకుగా దించాలి.

డ్రైనేజీ విషయంలో మన ఊరికి సొంతమైన ఇబ్బంది ఒకటుంది. సందుల్లో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తీయకుండా దాని మీదే వేస్తారు, రోడ్డు పెరుగుతూ పోతుంది, ఇళ్ళ గడపలు దిగిపోతుంటాయి. మీ హాలు కట్టినప్పుడు మూడు మెట్లు ఉండి ఉంటాయి, ఇప్పుడు ఒకటో సగమో మిగిలి ఉంటుంది. 2020 అక్టోబర్ వానల్లో నాలాల పక్క బస్తీల్లో ఏమైందో అందరికీ గుర్తే. అదే ఏడాది జూలైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి నీళ్ళొచ్చి చివరికి ఆ భవనమే ఖాళీ చేయాల్సి వచ్చింది. కాబట్టి మీ పెద్దవాళ్ళని అడిగి ఇప్పటిదాకా నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో గీత గీయించండి. స్విచ్చు బోర్డులు, ఫ్రిజ్ ప్లగ్గు, మందుల ర్యాకు మొదటి అర ఆ గీతకి పైనే ఉండాలి. లెట్రిన్ లైనులో వెనక్కి నీళ్ళు తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి, లేకపోతే పెద్ద వాన రోజు మ్యాన్‌హోల్ నీళ్ళు లెట్రిన్ లోంచే లోపలికొస్తాయి. టాయిలెట్లకి తాళం వేసి ఉన్న దవాఖానాలు మీరు చూసే ఉంటారు, సిబ్బంది బద్ధకం అనుకుంటాం, చాలాసార్లు అసలు కారణం లైనుకి వాలు లేక ఊరికే జామ్ అవడం. గర్భిణులకి యూరిన్ టెస్టు రాసి, టాయిలెట్‌కి తాళం వేస్తే ఆ టెస్టు ఎక్కడ చేయించుకుంటారు?

వ్యర్థాలకి ఒక చిన్న గది, తాళంతో, బయటి వైపు నుంచి తలుపుతో ఉండాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం, వేటికవి విడిగా పెట్టాలి, శుద్ధి చేయని వ్యర్థాలు 48 గంటలు దాటి ఉంచకూడదు. అవి పెద్దవాళ్ళు కూర్చునే హాలులోంచి మోసుకెళ్ళాల్సిన పరిస్థితి రాకుండా ప్లానులోనే చూడండి. కరెంటు విషయంలో ఒక్క మాట: పాత వైరింగ్ మొత్తం తీసి కొత్తది, సరైన ఎర్తింగుతో. టీకాల ఫ్రిజ్ పెట్టే ఉద్దేశం ఉంటే అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కాబట్టి దానికి విడిగా లైను, బ్యాకప్ ఉండాలి, ఆ ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టే వీలు లేకుండా.

ఢిల్లీ మొహల్లా క్లినిక్‌లలా రెడీమేడ్ క్యాబిన్ పెట్టుకోవచ్చు కదా అని మీ ప్రశ్న కింద ఒకరు రాశారు. 2015లో పీరాగఢీలో మొదటిది అలాగే పెట్టారు, త్వరగా అవుతుంది, నిజమే. తర్వాత అక్కడా చాలా క్లినిక్‌లు కిరాయి ఇళ్ళలోనే నడిపారు. డాక్టర్, మందులు వరకే అయితే క్యాబిన్ సరిపోతుంది. పెద్దవాళ్ళు, కౌన్సెలింగ్, సంఘం మీటింగులు అన్నీ ఒకచోట కావాలంటే మందపాటి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న మీ పాత హాలే మేలు.

పని జరిగేటప్పుడు మీ సంఘం నుంచి ఇద్దరు రోజూ వెళ్ళి చూడండి. గోడల్లో పైపులు, వైర్లు వేశాక ప్లాస్టర్ చేయకముందు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫొటో తీసి దాచండి. రేపు ఎక్కడ లీకైందో వెతకడానికి గోడంతా పగలగొట్టక్కర్లేదు. పని నడిచే నెలల్లో టీకాల రోజు ఎక్కడ పెడతారో కూడా ముందే అడిగి, ఆ చోటు పేరు బస్తీ అంతా చెప్పండి, లేకపోతే పిల్లల టీకాలు తప్పిపోతాయి.

చివరిగా, ప్రారంభోత్సవం తర్వాత రిపేర్లకి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, ట్యాంకు కడిగేది ఎవరు, తూములు శుభ్రం చేసేది ఎవరు, బల్బు పోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఇప్పుడే అధికారుల చేత రాయించుకోండి. హెల్త్ డిపార్ట్‌మెంట్ అడిగితే బిల్డింగ్ కార్పొరేషన్‌ది అంటారు, కార్పొరేషన్ అడిగితే వాడుకునేది హెల్త్ వాళ్ళు అంటారు, ఈ మధ్యలో స్లాబు మళ్ళీ కారుతుంది. ఒకే అధికారి పేరు, హోదాతో బాధ్యత రాయమనండి.

మీరు రోడ్డు నుంచి గడప ఎత్తు ఎంతో, హాలు లోపలి కొలతలు, వెంటిలేటర్లు ఏ వైపున్నాయో రాసి, స్లాబు ఫొటోలు, టెర్రస్ ఫొటోలు పెట్టండి. కాంట్రాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్ ఉంటే అది కూడా. గదులు ఎలా సర్దొచ్చో ఒక స్కెచ్ గీసి పెడతాను, మీరు దాన్ని మీటింగుకి పట్టుకెళ్ళొచ్చు.